పని నేర్పకుండా పనికిరారంటారా?

(ప్రత్యేక ఉత్తరాంధ్ర రాష్ట్రాన్ని కోరుకునే విద్యార్థులు, యువజనులు, ఉద్యోగులతో విశాఖపట్నంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మనం ఏ ఊళ్లో సభ పెట్టినా, మైకు కట్టేశాక ఎవరో ఒక తల్లి దగ్గరకొచ్చి అడిగే ప్రశ్న ఒక్కటే. "అదంతా సరే బాబూ, రాష్ట్రం వొస్తే మా గుంటడికి పని దొరుకుతాదా?" రాజధాని, జోను, నిధుల వాటా, ఇవన్నీ పెద్ద మాటలు. ఆ తల్లి అడిగింది చిన్న మాట. ఆ చిన్న మాటకు జవాబు చెప్పలేని ఉద్యమం ఎన్ని పెద్ద మాటలు చెప్పినా ఊరు నమ్మదు. అందుకే ఈ రోజు చేతిపని గురించి, అది నేర్పే చోటు గురించి, నేర్చినవాడికి తెరుచుకోని గేటు గురించి మాట్లాడుకుందాం.

"మా పిల్లలకు ఉద్యోగాలివ్వండి" అని మనం అడిగిన ప్రతిసారీ యాజమాన్యాలు, పాలకులు ఒకే మాట అంటున్నారు: "మీవాళ్లకు స్కిల్ లేదు." ఈ మాట ఎంతకాలంగా వింటున్నామంటే మన పిల్లలే దాన్ని నమ్మే స్థితికి వచ్చారు. మేం తిరిగి అడుగుతున్నాం. స్కిల్ అనేది తల్లి కడుపులోంచి వస్తుందా? ఎవరో ఒకరు నేర్పితే కదా వచ్చేది? మా భూమిలో ఫ్యాక్టరీ పెట్టినవాళ్లు, మా సముద్రంలో ఓడరేవు కట్టినవాళ్లు నేర్పలేదంటే తప్పు ఎవరిది? పని నేర్పకుండా పనికిరారని అనడం, కాళ్లు కట్టేసి నడవలేదని తిట్టడమే.

ఊరంతా చుట్టాలే, ఉట్టికట్ట తావు లేదు

మన విశాఖ చరిత్ర ఒకసారి చూడండి. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1941లో షిప్‌యార్డుకు పునాదిరాయి పడింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1966లో బి.హెచ్.పి.వి., 1967లో కోరమాండల్ ఎరువుల కర్మాగారం, 1977లో జింకు కర్మాగారం వచ్చాయి. ఇక ఉక్కు కర్మాగారం ఎవరూ దయతో ఇచ్చింది కాదు. 1966లో 32 మంది ప్రాణాలు పోయాక, 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరిలో పునాదిరాయి వేశారు. జాతికి అంకితమైంది మాత్రం 1992 ఆగస్టులో. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి.

ఈ ఇరవై ఒక్క ఏళ్లు అన్న లెక్కను గుర్తుపెట్టుకోండి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. రైతుల చేతిలో ఆర్ కార్డు పెట్టారు. పునాదిరాయి పడిన రోజున పుట్టిన పిల్లవాడు ఫ్యాక్టరీ అంకితమయ్యేనాటికి ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు. ఫిట్టరు కావడానికి ఐ.టి.ఐ.లో రెండేళ్లు చాలు. వెల్డరుకు ఒక్క ఏడాది చాలు. నిర్వాసితుల పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి నేర్పి ఉంటే ఆ 64 గ్రామాల్లో పనితనం లేని ఇల్లు మిగిలేదా? టైము లేక నేర్పలేదని ఎవరూ అనలేరు. నేర్పాలన్న బుద్ధి పుట్టలేదు, అంతే. వేల కుటుంబాల దగ్గర ఆర్ కార్డు ఉత్త కాగితంగానే మిగిలింది. భూమి ఇచ్చినవాడి కొడుకు కాంట్రాక్టరు కింద కళాసీ అయ్యాడు. ఆ కాంట్రాక్టు పనికి కూడా ఇప్పుడు దిక్కులేదు. 2021 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీని నూటికి నూరు శాతం అమ్మేస్తామంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అదే 2025లో కాంట్రాక్టు కార్మికుల్ని వేల సంఖ్యలో బయటకు పంపారు.

గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులదీ ఇదే కథ. రేవు కోసం ఒడ్డు పోయింది, వేట పోయింది. ఆ ఒడ్డున క్రేన్లు లేచాయి. తెప్ప నడిపిన చేతికి క్రేను నడపడం నేర్పితే రాదా?

నగరం నిండా ఫ్యాక్టరీలు, పొరుగునే ఉన్న శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వలస బస్సులు. ఈ రెండూ ఒకే చోట ఎలా ఉన్నాయో ఎవరైనా ఆలోచించారా? 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు ఎందరో. 2018 నవంబరులో గుజరాత్ బోట్లలో వేటకు వెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరి వరకు కరాచీ జైల్లో మగ్గారు. పక్కనే ఇంత పెద్ద రేవు పెట్టుకుని మన పిల్లలు గుజరాత్ దాకా ఎందుకు పోతున్నారు? ఊరంతా చుట్టాలే గానీ ఉట్టికట్ట తావు లేదన్నట్టుంది మన బతుకు.

రివెట్లు కొట్టిన చేతులు

"స్థానికులకు చేతకాదు" అనేవాళ్లకు షిప్‌యార్డే జవాబు. 1948 మార్చి 14న నెహ్రూ గారు 'జల ఉష' ఓడను విశాఖ నీళ్లలోకి దించారు. స్వతంత్ర భారతదేశంలో కట్టి దించిన మొదటి పెద్ద ఓడ అది. ఐ.టి.ఐ.లకు ఆధారమైన కేంద్ర ప్రభుత్వ శిక్షణ పథకం మొదలైంది 1950లో. అంటే ఆ ఓడకు రేకులు వంచి రివెట్లు కొట్టిన కార్మికుడి జేబులో ఈనాటి ట్రేడ్ సర్టిఫికెట్ లేదు. మరి పని ఎక్కడ నేర్చుకున్నాడు? షాపులోనే, మేస్త్రీ పక్కన నిలబడి, సుత్తి అందిస్తూ నేర్చుకున్నాడు. పునాదిరాయి పడ్డాక ఏడేళ్లలో ఓడ తయారైంది. మధ్యలో 1942లో జపాను బాంబులు కూడా పడ్డాయి. ఆనాడు చేతనైనది ఈనాడు ఎందుకు చేతకాదు?

టాటాలు ఎక్కడో బొంబాయి నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో ఉక్కు తీశారు. 1921లోనే అక్కడ సాంకేతిక శిక్షణాలయం తెరిచారు. అది జాలితో పెట్టిన బడి కాదు. ఫ్యాక్టరీ నడవాలంటే మనిషిని తయారు చేసుకోవాలని వాళ్లకు తెలుసు. జర్మనీలో ఇదే పద్ధతి దేశమంతటా ఉంది. కుర్రవాడు వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని చేస్తాడు, మిగతా రోజులు బడిలో పాఠం చదువుతాడు. మొదటి నెల నుంచీ భత్యం వస్తుంది. కంపెనీలు వట్టిగా శిక్షణ ఇస్తున్నామని చెప్పుకుంటే చాలదు, పరీక్ష పెట్టేది వాణిజ్య, పారిశ్రామిక మండళ్లు. కనుక అక్కడ సర్టిఫికెట్‌కు విలువ ఉంది.

మన దగ్గర పని ఉన్న చోట శిక్షణ లేదు, శిక్షణ ఉన్న చోట పని లేదు. ఉదాహరణకు వెల్డింగ్ తీసుకోండి. గేట్లు, గ్రిల్సు అతికే వెల్డరుకు, బాయిలరు పైపులు అతికే హై ప్రెషర్ వెల్డరుకు కూలిలో బోలెడు తేడా. బాయిలరు పని చేయాలంటే బాయిలర్ల చట్టం ప్రకారం విడిగా పరీక్ష పాస్ కావాలి. పైపును ఏటవాలుగా బిగించి, దాన్ని కదల్చకుండా చుట్టూ తిరిగి అతికి చూపాలి. అతుకు లోపల గాలిబుడగ ఉన్నా ఎక్స్‌రేలో దొరికిపోతుంది. మన బి.హెచ్.పి.వి. అర్ధ శతాబ్దం పాటు ప్రెషర్ వెసెల్స్ చేసింది. 2013లో బి.హెచ్.ఇ.ఎల్.లో కలిసింది. అదే బి.హెచ్.ఇ.ఎల్. వెల్డింగ్ పరిశోధన సంస్థ ఉన్నది తిరుచ్చిలో. దాని చుట్టూ పెరిగిన తమిళ వెల్డరు గల్ఫ్ దాకా వెళ్లి పేరు తెచ్చుకుంటున్నాడు. మన కంచరపాలెం ఐ.టి.ఐ.లో పాసైన కుర్రవాడు ఆ ఒక్క మెట్టు ఎక్కలేక గ్రిల్సు షాపులో ఆగిపోతున్నాడు. తెలివి తేడా కాదు, మెట్టు తేడా.

చట్టం ఉంది, గేటు బయట నిలబడి ఉంది

మిత్రులారా, మనం కొత్త కోర్కెలేమీ కోరడం లేదు. ఉన్న చట్టాన్ని చదువుకుందాం.

1961లో అప్రెంటిస్ చట్టం వచ్చింది. 2014లో సవరించారు. 2019 నాటి నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన మొత్తం సిబ్బందిలో రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. ఈ లెక్కలో కాంట్రాక్టు సిబ్బంది కూడా చేరతారు. అంటే వెయ్యిమంది పనిచేసే చోట తక్కువలో తక్కువ 25 మంది, ఎక్కువలో ఎక్కువ 150 మంది. ఇప్పుడు ఓడరేవు, ఉక్కు, షిప్‌యార్డు, రిఫైనరీ, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, అన్నిటినీ కలిపి లెక్క వేయండి. వేల మంది పిల్లలకు చోటుండాలి. వాళ్లలో ఎందరు అప్రెంటిస్‌లుగా ఉన్నారు, ఎందరు మన జిల్లాలవాళ్లు, శిక్షణ అయ్యాక ఎందరిని ఉంచుకున్నారు? ఈ లెక్కను గేటు దగ్గర బోర్డు మీద రాసి పెట్టమంటున్నాం. రోజుకు ఎన్ని టన్నులు తీశారో రాస్తారు కదా, ఎంతమంది మనుషుల్ని తయారు చేశారో రాస్తే ఏం పోతుంది?

చట్టం ఎందుకు అమలు కావడం లేదో కూడా తెలుసుకోండి. అప్రెంటిస్‌లను తక్కువ పెట్టుకున్న యజమానికి 2014 సవరణ వేసిన జరిమానా ఎంత? తగ్గిన ఒక్కొక్క అప్రెంటిస్‌కు నెలకు 500 రూపాయలు. అదీ మొదటి మూడు నెలలు. ఆ తర్వాత వెయ్యి. కుర్రవాడికి స్టైపెండ్ ఇవ్వడం కంటే జరిమానా కట్టడమే చవక. అలాంటి చట్టానికి ఎవరు భయపడతారు?

శిక్షణ అయ్యాక సంగతి? ఈ విషయంలో 1995లో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో ఒక మంచి తీర్పు ఇచ్చింది. మిగతా అర్హతలు సమానంగా ఉన్నప్పుడు, శిక్షణ పొందిన అప్రెంటిస్‌కు బయటివాడి కంటే ముందు చోటివ్వాలంది. అతనికి ఎంప్లాయిమెంట్ ఎక్స్చేంజి సిఫారసు అక్కర్లేదంది. శిక్షణలో గడిపిన కాలానికి వయసు సడలించాలంది. 2014 సవరణ మరో మాట చేర్చింది: అప్రెంటిస్‌లను ఉద్యోగాల్లోకి తీసుకునే విధానాన్ని ప్రతి యజమానీ రూపొందించుకోవాలి. మన నగరంలో ఏ ఏ సంస్థలు ఆ విధానం రాసుకున్నాయి? ప్రభుత్వరంగ సంస్థలైతే 2005 సమాచార హక్కు చట్టం కింద చెప్పి తీరాలి. పది రూపాయల దరఖాస్తుతో తెలిసే సంగతి. ఇది విద్యార్థి మిత్రులు చేయదగ్గ పని.

ఇంకో సంగతి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులతో శ్రీకాకుళం, విశాఖ ఒకటో జోన్ అయ్యాయి. 1979లో ఏర్పడిన విజయనగరం కూడా అందులోనే ఉంది. స్థానికులకు వాటా వచ్చింది. కానీ ఆ వాటా రాష్ట్ర ప్రభుత్వ కొలువులకే. ఓడరేవు, ఉక్కు, షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు కేంద్రానివి. అక్కడ ఒకటో జోన్ మాట చెల్లదు. విశాఖలో పెద్ద కొలువులన్నీ కేంద్రం చేతిలో, మనకున్న రక్షణ రాష్ట్రం చేతిలో! 2019లో రాష్ట్ర శాసనసభ ప్రైవేటు పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకేనంటూ చట్టం చేసింది. తగిన అర్హత ఉన్నవాళ్లు దొరకకపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో శిక్షణ ఇచ్చి తీసుకోవాలని అందులో రాసింది. ఎంత మంచి మాట! అది రాజ్యాంగానికి నిలుస్తుందా లేదా అని కోర్టుకెక్కారు. హర్యానా చేసిన అలాంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023లో కొట్టేసింది. శాతాల సంగతి కోర్టులు చూసుకోనీ. శిక్షణ ఇవ్వమన్న మాటను ఏ కోర్టూ వద్దనదు కదా! ఆ ఒక్క వాక్యాన్నయినా పాలకులు అమలు చేసి చూపాల్సింది.

సర్టిఫికెట్ల సంత

ఇన్నాళ్లూ పథకాలు రాలేదా అంటే, బోలెడు వచ్చాయి. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి కల్పన మిషన్ పెట్టారు. 2014లో గ్రామీణ కౌశల్య యోజన, 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చాయి. నాలుగు నెలల కోర్సు, మెడలో ఒక ట్యాగు, చేతిలో ఒక సర్టిఫికెట్, ఫొటో. ఆ తర్వాత హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో షాపింగ్ మాల్‌లో నిలబడే ఉద్యోగం. గది అద్దె, తిండి ఖర్చు పోగా మిగిలేదేమీ లేక మూడో నెలకు పలాస స్టేషన్‌లో దిగిపోతాడు. కాగితం మీద మాత్రం అతనికి ఉపాధి దొరికినట్టే. 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక కౌశల్ వికాస్ యోజన గుట్టు కొంత విప్పింది. శిక్షణ పొందినట్టు చూపిన వారిలో చాలామంది బ్యాంకు ఖాతా వివరాలుండాల్సిన చోట సున్నాలు, ఖాళీలు ఉన్నాయట! అభ్యర్థి పేరుతో లెక్క రాసుకున్నవాళ్లు బాగుపడ్డారు, అభ్యర్థి ఎక్కడున్నాడో తెలియదు.

చేతిపని నాలుగు నెలల్లో రాదు. ఫైలింగ్ చేసే చేయి కుదరడానికే నెలలు పడుతుంది. అందుకే మేం చెప్పేది, పొట్టి కోర్సుల పటాటోపం తగ్గించి, ఐ.టి.ఐ.లో రెండేళ్లు, ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా ఒక ఏడాది అన్న పాత దారినే గట్టిపరచాలి. ఐ.టి.ఐ.లో లేతు మిషను పాతదైతే మార్చాలి. శిక్షకుల పోస్టు ఖాళీగా ఉంటే నింపాలి. పాఠం, పరీక్ష తెలుగులో ఉండాలి. పాడేరు నుంచి, సీతంపేట నుంచి వచ్చే గిరిజన పిల్లవాడికి హాస్టలు ఉండాలి. ఇంటి దగ్గర్నుంచి రోజూ వచ్చి పోవడం అతనికి కుదరదు.

ఆడపిల్లల సంగతి కూడా. అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీ వచ్చాక పల్లెల నుంచి వేల మంది ఆడపిల్లలు బస్సెక్కారు. వాళ్ల సంపాదనతో ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. కానీ కుట్టు మిషను దగ్గర మొదలుపెట్టిన అమ్మాయి పదేళ్ల తర్వాత కూడా అక్కడే కూర్చోవాలా? ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ల్యాబ్ పని, కంప్యూటరుతో నడిచే లేతు, ఇవేవీ మగవాళ్ల సొత్తు కాదు.

మన ఇళ్లలో ఉన్న జబ్బు గురించి కూడా చెప్పాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక వీధికో ఇంజనీరింగ్ కాలేజీ వెలిసింది. బి.టెక్. తప్పితే చదువే కాదన్నారు. కొడుకు ఫిట్టరంటే పెళ్లి సంబంధాలు రావని, ఇంజనీరంటే వస్తాయని! బి.టెక్. పాసై ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాడికంటే నెల తిరిగేసరికి తల్లి చేతిలో జీతం పెట్టే ఫిట్టరు ఎందులో తక్కువ? రెక్కాడితే గాని డొక్కాడని మన ఇళ్లలో చేతిపనిని చులకన చేయడం మనల్ని మనమే కించపరచుకోవడం.

ప్రాణం కాపాడే చదువు

పని నేర్చుకోవడమంటే కూలి సంపాదించుకోవడం మాత్రమే కాదు, సాయంత్రానికి ఇంటికి తిరిగి రావడం కూడా. 2012 జూన్‌లో ఉక్కు కర్మాగారంలో పేలుడు. 2020 ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది మృతి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది మృతి. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉంది, బాధ్యులెవరో తేల్చేందుకు విచారణలున్నాయి. చనిపోయినవాళ్ల మీద చేతకానితనం రుద్దే పని మనం చేయం. మేం అనేది ఒకటే: నిన్న వచ్చి ఇవాళ గేటు పాసు తీసుకుని లోపలికెళ్లే కాంట్రాక్టు కూలీకి, లోపల ఏ పైపులో ఏముందో చెప్పే దిక్కుండాలి. సరిగా నేర్చుకున్న కార్మికుడికి ఒక ధైర్యం వస్తుంది. "ఈ తాడు ఈ బరువు మోయదు, నేను ఎక్కను" అని చెప్పగలుగుతాడు. ఆ మాట చెప్పగలవాణ్ని తయారు చేసేదే అసలైన శిక్షణ. కాంట్రాక్టర్లకు అలాంటివాడు అక్కర్లేదు, అదే అసలు చిక్కు.

రాష్ట్రం వస్తే చాలా?

ఇప్పుడు మన ఉద్యమం దగ్గరకొద్దాం. రాష్ట్రం వస్తే ఇవన్నీ వాటంతట అవే చక్కబడతాయా? జార్ఖండ్‌ను చూడండి. 2000 నవంబరులో వేరే రాష్ట్రమైంది. బొగ్గుంది, ఇనుప ఖనిజముంది, జంషెడ్‌పూర్, బొకారో ఉన్నాయి. అయినా అక్కడి పల్లెల నుంచి వలసలు ఆగలేదు. తెలంగాణను చూడండి. నియామకాలే నినాదంగా 2014లో రాష్ట్రం సాధించుకున్నారు. ఆ తర్వాత కూడా నియామకాల కోసం అక్కడి యువత రోడ్డెక్కవలసి వచ్చింది. రాష్ట్రం అనేది తాళంచెవి. తలుపు తీసి లోపలికి వెళ్లాల్సింది మన పిల్లలు. వాళ్ల చేతిలో పని లేకపోతే తెరిచిన తలుపులోంచి వేరేవాళ్లు వెళ్తారు.

మరి రాష్ట్రం ఎందుకు? దానికి జవాబు సూటిగా చెప్పుకోవాలి. రాష్ట్రం వచ్చినా ఓడరేవు, ఉక్కు కేంద్రం దగ్గరే ఉంటాయి. కానీ భూమి రాష్ట్రం చేతిలో ఉంటుంది. ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు రాష్ట్రం నడిపేవే. ఫ్యాక్టరీల తనిఖీ అధికారి రాష్ట్రం మనిషి. కార్మికుల వృత్తి శిక్షణ రాజ్యాంగం ఉమ్మడి జాబితాలో ఉంది. అంటే ఏ కంపెనీకి ఎన్ని ఎకరాలు, ఏ షరతు మీద అన్నది రాసే కలం రాష్ట్రానిది. ఆ కలం ఇన్నాళ్లూ మనకు దూరంగా ఉంది. మొదట మద్రాసు, ఆ తర్వాత కర్నూలు, హైదరాబాద్, ఇప్పుడు అమరావతి. ఎకరం ఇంత అని ధర రాశారు, రాయితీ ఇంత అని రాశారు. ఈ భూమి పోగొట్టుకున్న ఇంటి పిల్లకు ఈ ట్రేడులో శిక్షణ, ఈ తేదీలోపు ఉద్యోగం అన్న షరతుకు మాత్రం ఆ కాగితంలో చోటు దొరకలేదు. ఆ షరతు రాయడానికి మనకు రాష్ట్రం కావాలి.

అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుందామా? కాలం మన కోసం ఆగదు. భోగాపురం విమానాశ్రయానికి 2023 మేలో పునాదిరాయి పడింది. పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు, నక్కపల్లి మందుల పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో 15 బిలియన్ డాలర్లతో డేటా సెంటర్ అని ప్రకటించింది. డేటా సెంటర్ అంటే అద్దాల మేడలో వేల ఉద్యోగాలని భ్రమపడవద్దు. కట్టేటప్పుడు ఎక్కువమంది, కట్టాక తక్కువమంది. ఆ తక్కువమందిలో కూడా రాత్రింబగళ్లు కరెంటు చూసే ఎలక్ట్రీషియన్, చల్లదనం చూసే ఎ.సి. మెకానిక్, కేబుళ్లు కలిపే టెక్నీషియన్ ఉంటారు. ఆ పనులు మన పిల్లలు చేస్తారా, లేక గేటు దగ్గర టోపీ పెట్టుకుని సెల్యూట్ కొడతారా? ఇది ఇప్పుడే తేలాలి. ఒక ఫ్యాక్టరీ కట్టడానికి మూడు నాలుగేళ్లు, ఒక ఎలక్ట్రీషియన్‌ను తయారు చేయడానికి రెండేళ్లు. పునాదిరాయి పడిన రోజే శిక్షణ మొదలుపెడితే గేటు తెరిచేనాటికి మనిషి సిద్ధం. అందుకే మన నినాదం ఇది: పునాదిరాయి పడిన రోజే ఆ ఊళ్లో బడి తెరవండి!

మనం చేయవలసినవి

ఉద్యోగ మిత్రులారా, ముందుగా మీకు. ఉక్కులో, షిప్‌యార్డులో, బి.హెచ్.పి.వి.లో, ఓడరేవులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన వాళ్లు మన కాలనీల్లో వందలాదిగా ఉన్నారు. డ్రాయింగ్ చదవడం, మైక్రోమీటరు పట్టడం, వెల్డింగు అతుకు చూసి మంచి చెడ్డ చెప్పడం మీకు కొట్టిన పిండి. అది మీతోనే పోకూడదు. గాజువాకలో, కంచరపాలెంలో, అనకాపల్లిలో వారానికి రెండు సాయంత్రాలు ఒక గదిలో కూర్చోండి. ఐ.టి.ఐ. పిల్లలకు చెప్పండి. డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలు ప్రవేశ పరీక్ష విశాఖలోనే ఉన్న సంస్థది, కానీ దేశం నలుమూలల నుంచీ రాస్తారు. మనవాళ్లను ఆ పరీక్షకు తయారు చేయండి.

విద్యార్థి మిత్రులారా, మీరు లెక్కలు తీయండి. ఒక్కో సంస్థలో అప్రెంటిస్‌లు ఎందరో, నిలిచినవాళ్లు ఎందరో సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబు ఈ పత్రికకు పంపండి, అచ్చు వేద్దాం. ఉపన్యాసం కంటే అంకె గట్టిగా మాట్లాడుతుంది.

యువజన మిత్రులారా, తీరంలోని ఊళ్లకు వెళ్లండి. బోటు నడిపేవాళ్లను, బోటు ఇంజనుకు ఫిట్టర్లను తయారు చేసే కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ శాఖ విశాఖలోనే ఉంది. పదో తరగతి పాసైతే ప్రవేశ పరీక్ష రాయవచ్చు. భీమిలిలో, పూడిమడకలో, భావనపాడులో పదో తరగతి పాసైన ప్రతి పిల్లవాడికీ ఈ సంగతి తెలియాలి. తెలియకపోవడం కూడా ఒక పేదరికమే.

పాలకులకు మన మాట ఇది. భూమి ఇచ్చే ప్రతి ఒప్పందంలో శిక్షణ షరతు రాయండి. అప్రెంటిస్‌ల లెక్క గేటు దగ్గర రాయించండి. ఐ.టి.ఐ.లకు మిషన్లు, శిక్షకులు, హాస్టళ్లు ఇవ్వండి. శిక్షణ ముగిసినవాణ్ని పక్కన పెట్టి కాంట్రాక్టరు మనిషిని తెచ్చుకునే అలవాటుకు అడ్డుకట్ట వేయండి. ఇవి చేయడానికి రాష్ట్రం విడిపోనక్కర్లేదు. చేయకపోతే మాత్రం, ఎందుకు విడిపోవాలంటున్నామో మీరే ఊరూరా చెప్పినట్టవుతుంది.

1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని మన పెద్దలు ఫ్యాక్టరీని తెచ్చారు. ఫ్యాక్టరీ వచ్చింది, దాని గేటు లోపలికి దారి మాత్రం మన పల్లెలకు రాలేదు. ఆ దారి వేయడం మన తరం పని. రాష్ట్రం కోసం పోరాడే చేయి, రెంచీ పట్టే చేయి రెండూ ఒకే మనిషివి కావాలి. అప్పుడే ఆ తల్లి అడిగిన ప్రశ్నకు తలెత్తి జవాబు చెప్పగలం.

జై ఉత్తరాంధ్ర!